పొర మీద పొర: గ్రాఫీన్ ఆక్సైడ్ పూతను కాలేజీ ల్యాబ్‌లో వేసుకోవడం ఎలా

ఈ పనికి దిగేవాళ్లు మొదటిరోజు బల్ల మీద రెండు బీకర్లు పెట్టుకుంటారు. ఒకదాంట్లో పాలిమర్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల ద్రావణం. రెండోదాంట్లో గ్రాఫీన్ ఆక్సైడ్, అంటే ఆక్సిజన్ అతుక్కున్న అతి పల్చటి కార్బన్ రేకులు కలిపిన నీళ్లు. నా లెక్క ప్రకారం ఎనిమిది కావాలి. మిగతా ఆరింట్లో ఉండేవి ఉత్త నీళ్లే. ఆ ఆరు బీకర్లను చిన్నచూపు చూసినవాళ్ల పూత ఒక్కటి కూడా సరిగ్గా రావడం నేను చూడలేదు.

నేను బరంపురంలో కెమిస్ట్రీ చెబుతాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మా దగ్గరకొచ్చే పిల్లల్లో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఛత్రపురం వైపు తెలుగిళ్ల నుంచి వచ్చేవాళ్లు చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ప్రయోగం ఎందుకు చెడిందో చెప్పుకునేటప్పుడు మాత్రం అందరూ తెలుగులోకే వచ్చేస్తారు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను.

క్లీన్‌రూమ్ అక్కర్లేదు, వాక్యూమ్ పంపు అక్కర్లేదు. గాజు స్లైడ్లు, నీళ్లు, ఓపిక ఉంటే చాలు. చిన్న కాలేజీకి ఇంతకన్నా అనువైన నానో ప్రయోగం నాకైతే కనిపించలేదు.

ముందు, లోపల ఏం జరుగుతుందో

మామిడి తాండ్ర చేయడం చూసే ఉంటారు. చాప మీద రసం పల్చగా పోసి, ఎండాక దాని మీద ఇంకో పొర, అదీ ఎండాక మరో పొర. మన పూత కూడా అలాగే పెరుగుతుంది. తేడా ఒక్కటే. తాండ్రలో పొర మందం పోసేవాళ్ల చేతిలో ఉంటుంది. ఇక్కడ పొర తనంతట తానే ఆగిపోతుంది.

ఎందుకంటే, శుభ్రంగా కడిగిన గాజు నీళ్లలో ఉన్నప్పుడు దాని పైభాగానికి నెగెటివ్ చార్జి ఉంటుంది. దాన్ని పాజిటివ్ చార్జి ఉన్న పాలిమర్ ద్రావణంలో ముంచితే పాలిమర్ గొలుసులు వచ్చి అతుక్కుంటాయి. గాజు చార్జిని సరిపెట్టడానికి కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువే అతుక్కుంటాయి. దాంతో పైభాగం పాజిటివ్‌గా మారిపోతుంది, ఆ తర్వాత వచ్చే గొలుసులను అదే వెనక్కి నెడుతుంది. ఇప్పుడు గ్రాఫీన్ ఆక్సైడ్ నీళ్లలో ముంచండి. ఆ రేకుల అంచుల్లో కార్బాక్సిల్ గుంపులు ఉంటాయి కాబట్టి వాటిది నెగెటివ్ చార్జి. అవి పాలిమర్ మీద పరుచుకుని, పైభాగాన్ని మళ్లీ నెగెటివ్ చేసి ఆగిపోతాయి. ఈ రెండూ కలిస్తే ఒక జంట పొర. ఇలా ఎన్ని జంటలు కావాలంటే అన్ని.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. డ్యూపాంట్ కంపెనీలో పనిచేసిన ఐలర్ 1966లోనే సన్నటి కణాలతో ఇలా పొరలు వేసి చూపించాడు. 1990ల మొదట్లో గెరో డెషర్ పాలిమర్లతో చేసి చూపించాకే ప్రపంచం పట్టించుకుంది. గ్రాఫైట్ ఆక్సైడ్‌తో (దాని విడివిడి రేకులే గ్రాఫీన్ ఆక్సైడ్) ఇలాంటి పూతను కోటోవ్, డెకానీ, ఫెండ్లర్ 1996లో ప్రచురించారు. గైమ్, నోవొసెలోవ్ సెలొటేప్‌తో గ్రాఫీన్‌ను, అంటే ఒక పరమాణువు మందమే ఉండే కార్బన్ ఒంటిరేకును, వేరుచేసిన సంగతి బయటికొచ్చింది 2004లో. అంటే గ్రాఫీన్‌కి పేరు రాకముందే దాని అన్నగారు పొరల్లో కూర్చున్నాడన్నమాట.

ఆ అన్నదమ్ముల తేడా కూడా ఇక్కడే చెప్పేయాలి. మనం వాడేది గ్రాఫీన్ కాదు, గ్రాఫీన్ ఆక్సైడ్. నీళ్లలో కలుస్తుంది, కరెంటును దాదాపు పోనివ్వదు, రంగు లేత గోధుమ. తర్వాత దాంట్లోంచి ఆక్సిజన్ కొంత తీసేస్తే వచ్చేది రెడ్యూస్డ్ గ్రాఫీన్ ఆక్సైడ్. అది కరెంటును కొంతవరకు పోనిస్తుంది. మచ్చలేని గ్రాఫీన్‌తో దానికి పోలిక లేదు. ప్రాజెక్టు రిపోర్టులో 'గ్రాఫీన్ ఫిల్మ్ చేశాం' అని రాసే పిల్లల చేత ఆ మాట నేను కొట్టేయిస్తాను.

గ్రాఫీన్ ఆక్సైడ్‌ను కొనుక్కోండి, తయారుచేయకండి

మనమే చేసుకోకూడదా అని ఏటా ఒకరైనా అడుగుతారు. ఒకసారి రాయగడ వైపు కుర్రాడు ఒకడు నల్లటి రాయి ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. వేలు తగిలితే పెన్సిల్ గీతలా అంటుకుంటోంది. గ్రాఫైటే. రాయగడ, కలహండి, బలంగీర్ కొండల్లో అది దొరుకుతుంది. మన తూర్పు కనుమల రాయికి ఖోండలైట్ అని పేరు పెట్టింది ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదే, ఆ రాతిలోనే గ్రాఫైట్ పొలుసులుగా ఉంటుంది. "మన కొండ, మన గ్రాఫీన్ సార్" అన్నాడు వాడు. మాట బాగుంది. కానీ ఆ రాయికీ గ్రాఫీన్ ఆక్సైడ్‌కీ మధ్య నూరి, శుద్ధిచేసి, ఆపైన హమ్మర్స్ పద్ధతిలో ఆక్సీకరణం చేసే పని ఉంది.

1958 నాటి ఆ పద్ధతిలో గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో పొటాషియం పర్మాంగనేట్ కలుపుతారు. అక్కడ పుట్టే మాంగనీస్ హెప్టాక్సైడ్ 55 డిగ్రీలు దాటితే పేలగలదు. ఐసు సరిగ్గా లేని ల్యాబ్‌లో, ఫ్యూమ్ హుడ్ ఉందో లేదో తెలియని గదిలో ఆ టెన్షన్ మనకెందుకు? నీళ్లలో కలిపిన గ్రాఫీన్ ఆక్సైడ్ సీసాల్లో అమ్ముతారు, తరచుగా మిల్లీలీటరుకు 4 మిల్లీగ్రాముల గాఢతలో. చిన్న సీసా ఒకటి కొంటే ఒక బ్యాచ్ మొత్తానికి వస్తుంది.

ద్రావణాలు

గ్రాఫీన్ ఆక్సైడ్: మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము గాఢత చాలు. 4 మిల్లీగ్రాముల సీసా నుంచి 12.5 మి.లీ. తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేయండి. అల్ట్రాసోనిక్ బాత్‌లో 15 నిమిషాలు ఉంచండి, బాత్ నీళ్లు వేడెక్కితే ఐసు ముక్కలు వేయండి. గంటల తరబడి ఉంచకూడదు, రేకులు చిన్న ముక్కలైపోతాయి. సెంట్రిఫ్యూజ్ ఉంటే 3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పి, అడుగున చేరిన మడ్డి వదిలేసి పైది వంపుకోండి. వెలుగులో పెట్టి చూస్తే పల్చటి టీ డికాక్షన్‌లా తేటగా ఉండాలి.

పాలిమర్: మేం ఎక్కువగా వాడేది పీడీడీఏ, పూర్తి పేరు పాలీ డైఅలైల్ డైమిథైల్ అమ్మోనియం క్లోరైడ్. పీహెచ్ ఎంతున్నా దాని పాజిటివ్ చార్జి పోదు, కొత్తవాళ్లకు అదే సుఖం. 20 శాతం ద్రావణంగా వస్తుంది. దాంట్లోంచి అర మి.లీ. తీసి 100 మి.లీ. చేస్తే మిల్లీలీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము అవుతుంది. జిగటగా ఉంటుంది కాబట్టి పిపెట్ గోడకు అంటుకున్నది కూడా కడిగి పోయండి. ఇందులోనే 2.9 గ్రాముల సోడియం క్లోరైడ్ వేయండి, అర మోలార్ అవుతుంది. ఉప్పు లేకపోతే పాలిమర్ గొలుసు బిర్రుగా చాచుకుని చాలా పల్చటి పొర వేస్తుంది. ఉప్పు ఉంటే ముడుచుకుని కాస్త మందంగా కూర్చుంటుంది.

పీడీడీఏ దొరకకపోతే కైటోసాన్ వాడవచ్చు. రొయ్య, పీత పెంకుల్లోని కైటిన్ నుంచి తీసేది. చిలకా పక్కన ఉండి రొయ్య పెంకులను పారేసేవాళ్లం కాబట్టి నాకు దీని మీద కొంచెం మమకారం. 1 శాతం ఎసిటిక్ ఆసిడ్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున రాత్రంతా కలియబెట్టి, వడగట్టి వాడాలి. పీహెచ్ 6 దాటితే దాని చార్జి తగ్గిపోయి పని చెడుతుంది, 4, 5 మధ్య ఉంచండి. మన ఉక్కకు ఈ ద్రావణంలో బూజు పడుతుంది. వారం దాటితే పారబోసి కొత్తది కలుపుకోవడమే.

నీళ్లు: ఇక్కడ బేరాలు లేవు. బోరు నీళ్లు పనికిరావు. వాటిలోని కాల్షియం గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులను ఒకదానికొకటి అంటించేస్తుంది, పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఇన్వర్టర్‌కి పోసే బ్యాటరీ వాటర్ చవక కదా అని తెచ్చేవాళ్లున్నారు. తెస్తే తెచ్చారు, ముందు టీడీఎస్ మీటరు పెట్టండి. 5 పీపీఎం దాటితే అది ఇన్వర్టర్‌కే వాడుకోండి. మొత్తం మీద 5 లీటర్లు సిద్ధంగా ఉంచుకోవాలి.

గాజు కడగడం

స్లైడ్ల అంచులే పట్టుకోవాలి, అదీ గ్లవ్స్‌తో. వేలిముద్ర పడిన చోట నూనె ఉంటుంది, అక్కడ పూత పడదు. పది జంటల తర్వాత ఆ వేలిముద్ర అచ్చుగుద్దినట్టు కనబడుతుంది.

సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్‌తో రుద్ది, కుళాయి నీళ్లతో కడిగి, అల్ట్రాసోనిక్ బాత్‌లో 10 నిమిషాలు ఇథనాల్‌లో ఉంచండి. తర్వాత 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో, అంటే 100 మి.లీ.కి 4 గ్రాములు, అరగంట. కళ్లద్దాలు పెట్టుకోండి, క్షారం కంట్లో పడితే ఆసిడ్ కన్నా మొండిది. చివర డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు సార్లు. పేపర్లలో పిరాన్హా ద్రావణం అని చదువుతారు, గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపినది. మా ల్యాబ్‌లో దాని పేరెత్తనివ్వను. ఈ పనికి అది అవసరం లేదు.

గాజు సిద్ధమైందో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్లలోంచి తీసి నిలబెట్టండి. నీళ్లు ఒకే పల్చటి తెరలా జారాలి. తామరాకు మీద బొట్లలా విడిపోతే మళ్లీ మొదటికి వెళ్లండి. ఈ పరీక్షలో తప్పిన స్లైడ్‌ను 'పర్లేదులే' అని ముంచకండి.

ముంచడం, జాడించడం

బీకర్లు అన్నాను గానీ, జువాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్లను అడిగి ఎనిమిది కాప్లిన్ జార్లు తెచ్చుకుంటే ఇంకా హాయి. లోపల గాడులు ఉంటాయి, స్లైడ్లు నిలువుగా ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. వరసగా పెట్టి ఒక్కోదానికి పేరు అంటించండి: పాలిమర్, నీళ్లు 1, నీళ్లు 2, నీళ్లు 3, గ్రాఫీన్ ఆక్సైడ్, నీళ్లు 4, నీళ్లు 5, నీళ్లు 6.

పాలిమర్‌లో 10 నిమిషాలు. తీసి, కింది అంచును టిష్యూ పేపర్‌కి ఆనించి చుక్క పీల్చేయనివ్వండి. నీళ్లు 1లో నిమిషం, 2లో నిమిషం, 3లో నిమిషం, మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తూ. గ్రాఫీన్ ఆక్సైడ్‌లో 10 నిమిషాలు. మళ్లీ మూడు నీళ్లు, ఇవి 4, 5, 6. ఇది ఒక జంట, 26 నిమిషాలు. పది జంటలకు 4 గంటల 20 నిమిషాలు. ఉదయం పదింటికి మొదలుపెడితే భోజనంతో కలుపుకుని సాయంత్రానికి అయిపోతుంది. మధ్యలో ఆపాల్సి వస్తే గ్రాఫీన్ ఆక్సైడ్ తర్వాతి జాడింపు అయ్యాక ఆపి, స్లైడ్‌ను మంచి నీళ్లలోనే వదలండి. పొర పొరకీ ఆరబెట్టాల్సిన పని లేదు.

ప్రతి మూడు జంటలకు ఆరు జార్ల నీళ్లూ మార్చాలి. ఇక్కడే అందరూ పిసినారితనం చేస్తారు.

మా స్టూడెంట్ ఒకమ్మాయి, పట్టు నేసే ఇంటి పిల్ల, మొదటిసారి బస్సుకి టైమవుతోందని పాలిమర్ తర్వాత ఒక్క నీళ్లతోనే సరిపెట్టింది. నాలుగో జంట దగ్గర గ్రాఫీన్ ఆక్సైడ్ జారులో నల్లటి నలకలు తేలాయి. ఐదో జంటకి జారంతా ముద్దలు. సీసా పాడైందేమో, కంపెనీకి రాద్దాం అంది. నిజానికి జరిగింది ఇదీ: అతుక్కోని పాలిమర్, దాంతోపాటు ఉప్పు, స్లైడ్‌తో కలిసి గ్రాఫీన్ ఆక్సైడ్‌లోకి వెళ్లాయి. గాజు మీద జరగాల్సిన అతుకు నీళ్లలోనే జరిగిపోయింది. ఆ ముద్దలు తర్వాత వచ్చి పూత మీద కూర్చుంటాయి, మచ్చలుగా కనబడతాయి.

మర్నాడు వచ్చి చెప్పింది, ఇంట్లో నాన్నకి ఈ సంగతి చెబితే పగలబడి నవ్వాడట. "ఏటమ్మా, మూడు నీళ్లు జాడించకుండా రంగు తొట్టి మారుస్తారేటి?" అన్నాడట. పట్టు నూలుకి రంగులద్దే ఆయన. పదేళ్లు నేను క్లాసులో చెప్పింది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. ఆ తర్వాత మా ల్యాబ్‌లో 'రిన్స్' అనడం మానేశాం, 'జాడించు' అనే అంటాం.

మీకు చేతి పని విసుగనిపిస్తే ఒక సర్వో మోటారు, ఆర్డుయినో బోర్డు పెట్టి ముంచే యంత్రం చేసుకోవచ్చు. ఫిజిక్స్ వాళ్లు సరదాగా చేసిపెడతారు. రెండు ద్రావణాలనూ మార్చి మార్చి స్ప్రే కొట్టే పద్ధతి కూడా ఉంది, నిమిషాల పని సెకన్లలో అవుతుంది. అక్కడ కూడా మధ్యలో నీళ్ల స్ప్రే తప్పదు.

పూత పెరుగుతోందా?

కంటికి ముందు ఏమీ కనబడదు. నాలుగైదు జంటలు దాటాక తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే లేత గోధుమ రంగు తెలుస్తుంది. కొలవాలంటే యూవీ విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్. గ్రాఫీన్ ఆక్సైడ్ 230 నానోమీటర్ల దగ్గర బాగా పీల్చుకుంటుంది, 300 దగ్గర చిన్న భుజంలాంటి వంపు ఉంటుంది. చిక్కేమిటంటే మామూలు గాజు స్లైడ్ 300 కింది వెలుగును తానే మింగేస్తుంది. 230 శిఖరం కావాలంటే క్వార్ట్జ్ పలక వాడాలి. మన స్లైడ్‌కి 350 లేదా 400 దగ్గర చదవండి. కలరీమీటర్ మాత్రమే ఉంటే 420 ఫిల్టర్ పెట్టండి, పది జంటలు దాటితే తేడా తెలుస్తుంది.

రెండేసి జంటలకు ఒకసారి కొలిచి గ్రాఫ్ గీయండి. గీత వంకరపోకుండా సూటిగా వస్తే ప్రతిసారీ దాదాపు సమానంగా పొర పడుతోందని అర్థం. మధ్యలో చదునైపోతే ఏదో ఒక ద్రావణం పని అయిపోయింది. ఉన్నట్టుండి పైకి ఎగబాకితే సంతోషించకండి, అవి ముద్దలు. ఇంకో సంగతి, పూత స్లైడ్‌కి రెండు వైపులా పడుతుంది కాబట్టి మీరు చదివే అంకె రెండు పూతలది. దాన్ని మరిచి మందం లెక్కకట్టినవాళ్ల లెక్క సరిగ్గా రెట్టింపు వస్తుంది.

అసలు మందమెంత? గ్రాఫీన్ ఆక్సైడ్ ఒంటిరేకు సుమారు 1 నానోమీటరు. జంట పొర మాత్రం కొన్ని నానోమీటర్లు ఉంటుంది, పాలిమర్‌ని, ఉప్పుని, పీహెచ్‌ని బట్టి మారుతుంది. కచ్చితంగా తెలియాలంటే ఏఎఫ్ఎం (సూది మొనతో తడిమి ఎత్తు కొలిచే మైక్రోస్కోపు) కావాలి, లేదా ఎలిప్సోమీటర్ (తిరిగొచ్చే వెలుగును బట్టి మందం కొలిచేది). రామన్ పరీక్ష (లేజర్ వెలుగు చెదిరే తీరు చూసేది) చేయించే వీలుంటే 1350, 1580 సెం.మీ.⁻¹ దగ్గర రెండు శిఖరాలు చూడండి. అవి వస్తే కార్బన్ రేకులు ఉన్నట్టే.

గోధుమ నుంచి బూడిద రంగుకి

కరెంటు పోవాలంటే ఆక్సిజన్ తీయాలి. పేపర్లలో హైడ్రజీన్ అని ఉంటుంది. అది విషం, క్యాన్సర్ కారకం. మేం విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆసిడ్ వాడతాం. ల్యాబ్ పొడి తీసుకోండి. మెడికల్ షాపు నారింజ బిళ్లలో చక్కెర, రంగు కూడా ఉంటాయి.

పూతను ముందు 60 డిగ్రీల ఓవెన్‌లో గంట ఆరబెట్టండి, లేకపోతే వేడినీళ్లలో ఊడి రేకులుగా తేలుతుంది. 100 మి.లీ. నీళ్లలో 1.76 గ్రాముల ఆస్కార్బిక్ ఆసిడ్ కరిగించి, వాటర్ బాత్‌లో 90 డిగ్రీలకు తెచ్చి, స్లైడ్‌ను గంటపాటు ఉంచండి. గోధుమ రంగు పోయి బూడిద రంగు తేలుతుంది. రంగు ఇంకా మారుతోందనిపిస్తే మరో గంట. తీసి జాడించి ఆరబెట్టండి. క్వార్ట్జ్ మీద వేసినవాళ్లకు 230 దగ్గరి శిఖరం 265, 270 వైపు జరిగి కనబడుతుంది.

రెండు చివర్ల రాగి టేపు లేదా సిల్వర్ పేస్టు పెట్టి మల్టీమీటరు ఆనించండి. ముందు పరిధి దాటిందని చూపించిన మీటరు ఇప్పుడు అంకె చూపిస్తుంది. కిలో ఓముల్లో రావచ్చు, మెగా ఓముల్లో రావచ్చు. పొరల మధ్య పాలిమర్ ఉంది, అది కరెంటును పోనివ్వదు, కాబట్టి లోహంలాంటి అంకెలు ఆశించకండి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, వాటి పొడవు ఒకటే ఉండేలా చదరంగా పెట్టుకుంటే ఇంకో స్లైడ్‌తో పోల్చడం తేలిక.

దీంతో ఏం చేయవచ్చు?

మన వాతావరణానికి సరిపోయే మొదటి ఉపయోగం తేమ సెన్సర్. గోపాల్‌పూర్ గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, రాయగడ కొండల మీద వేసవిలో పెదవులు పగులుతాయి. పొరల మధ్యలోకి నీటి ఆవిరి దూరితే రేకుల మధ్య ఎడం, చార్జి కదలిక మారతాయి, రెసిస్టెన్స్ మారుతుంది. సగం మాత్రమే రెడ్యూస్ చేసిన పూత దీనికి బాగుంటుంది. అరగంటకే ఆస్కార్బిక్ ఆసిడ్‌లోంచి తీసేయండి. ముందు సరదాగా దాని మీద ఒకసారి నోటితో ఊదండి, మీటరు ఎగిరి కొంచెంసేపట్లో వెనక్కి వస్తుంది.

సరిగ్గా కొలవడానికి హార్లిక్స్ సీసాలు నాలుగు చాలు. ఒక్కోదాని అడుగున ఒక్కో ఉప్పును తడి ఇసుకలా, కరగని ఉప్పు మిగిలేలా నీళ్లతో కలిపి పెట్టండి. 25 డిగ్రీల దగ్గర మూసిన సీసాలో లిథియం క్లోరైడ్ మీద గాలి తేమ 11 శాతం, మెగ్నీషియం క్లోరైడ్ మీద 33, మామూలు ఉప్పు మీద 75, పొటాషియం సల్ఫేట్ మీద 97. మూతకి చిల్లులు పెట్టి వైర్లు దించి, ఎం-సీల్‌తో మూసేయండి. స్లైడ్ ఉప్పుకి తగలకూడదు. గంట ఆగి చదవండి. మల్టీమీటరు పంపేది డీసీ కాబట్టి అంకె ఒకచోట నిలవదు, కదులుతూ ఉంటుంది. ప్రతిసారీ 30 సెకన్ల తర్వాత కనబడే అంకె రాసుకోండి. ఏసీతో కొలిచే ఎల్‌సీఆర్ మీటరు ఉంటే 1 కిలోహెర్ట్జ్ దగ్గర చదవడం మేలు. పొడి నుంచి తడికి, మళ్లీ తడి నుంచి పొడికి, రెండు దారులూ చదవండి. రెండూ ఒకటే రావు, ఎంత తేడా ఉందో చెప్పడమే ప్రాజెక్టులో అసలు ఫలితం.

మిగతా ఉపయోగాల్లో నాకు బాగా నచ్చేది గాలిని ఆపడం. మచ్చలేని గ్రాఫీన్ రేకులోంచి హీలియం కూడా దూరదు. ప్లాస్టిక్ షీటు మీద ఇలా పొరలు వేస్తే రేకులు ఇటుకల్లా, పాలిమర్ సున్నంలా కుదురుతాయి. ఆక్సిజన్ అణువు రేకు రేకునూ చుట్టి పోవాలి, సూటి దారి ఉండదు. ఆహారం ప్యాకింగ్‌కి, ఎలక్ట్రానిక్స్‌కి దీని మీద చాలా పని జరుగుతోంది. నీటిని వడగట్టే పొరలుగా కూడా వాడతారు, కానీ తడిస్తే రేకుల మధ్య ఎడం పెరిగి ఉప్పు జారిపోతుంది. రేకులను రసాయన బంధంతో కట్టేయాలి. మీ ల్యాబ్ పూతలోంచి వచ్చిన నీళ్లు ఎవరూ తాగకండి. స్పాంజి ఫోమ్ మీద, నూలు గుడ్డ మీద వేస్తే మంట పాకడం నెమ్మదిస్తుంది. సూపర్ కెపాసిటర్ ఎలక్ట్రోడ్లుగా పనికొస్తుంది, దానికి పొరలు చాలా ఎక్కువ కావాలి. ఇనుము తుప్పుకి మందని ప్రచారం వింటుంటాం. జాగ్రత్త: కరెంటు పోనిచ్చే పూత మీద గీత పడితే ఆ గీత దగ్గర ఇనుము మామూలు కన్నా వేగంగా తినేసిపోవచ్చు.

చివర్లో మిగిలేవి

గ్రాఫీన్ ఆక్సైడ్ మిగులు నీళ్లను సింకులో పోయకండి. ఒక బకెట్‌లో పోసి గుప్పెడు ఉప్పు వేయండి. ఆ అమ్మాయి జారులో జరిగిందే ఇక్కడ కావాలని చేస్తున్నాం. రాత్రంతా వదిలేస్తే నల్లటి ముద్ద అడుగున దిగుతుంది. వడపోత కాగితంతో వడగట్టి, ముద్దను తడిగానే సీసాలో వేసి మూత పెట్టి, వ్యర్థాల డబ్బాలో చేర్చండి. ఎండబెట్టకండి, ఓవెన్‌లో అసలే వద్దు. ఎండిన గ్రాఫీన్ ఆక్సైడ్ ఎక్కువ మొత్తంలో వేడెక్కితే ఒక్కసారిగా వేడి కక్కి భగ్గుమంటుంది. ఎండిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం కూడా మంచిది కాదు.

కొన్న సీసాను ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు గానీ, గడ్డకట్టే పై అరలో పెట్టకండి. ఒకసారి గడ్డకట్టి కరిగితే రేకులు ముద్దలవుతాయి, తర్వాత ఎంత కలిపినా మునుపటిలా విడిపోవు. తయారైన స్లైడ్లను స్లైడ్ పెట్టెలో నిలబెట్టి, పూతలేని అంచు మీద మార్కర్‌తో తేదీ, జంటల సంఖ్య, ఎన్ని నీళ్లు జాడించారో రాయండి. చివరి అంకె మూడు కన్నా తక్కువ ఉన్న స్లైడ్లను మేం వేరే పెట్టెలో పెడతాం, కొత్తవాళ్లకు చూపించడానికి.